బూటు లోపలి మడత

ఇల్లు,
ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వేం రాశావో నీకే ఒకసారి వినిపిస్తాను, విను.

"అక్కకు, నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను. తిండి బాగానే ఉంది. కొత్త విశేషాలేమీ లేవు. ఉంటాను. తమ్ముడు."

అంతే. అంత పెద్ద కాగితం మీద ఇంత చిన్న ముక్క. ఇది నువ్వు రాశావో, మీ పటాలంలో అచ్చేయించి తలా ఒకటి పంచిపెట్టారో నాకు తెలియలేదు. చిన్నప్పుడు నిన్ను నోరు మూయించలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. బడి నుంచి వచ్చావంటే గుమ్మంలో మొదలుపెట్టి కంచం కడిగేదాకా చెబుతూనే ఉండేవాడివి. అమ్మ పోయాక ఈ ఇంట్లో చప్పుడంటే నీ కబుర్లే. ఇప్పుడు ఆ చప్పుడు కూడా లేదు. ఆమాత్రం తెలుసుకోకపోతే ఎలారా?

రాయడానికేమీ లేకపోతే నేనే ఒక ప్రశ్న అడుగుతాను, దానికి జవాబు రాయి. మా కార్ఖానాలో కుట్టేది మీ ప్యాంట్లే కదా. ఒకరు జేబులు, ఒకరు నడుం పట్టీ, కాజాల పిన్ని కాజాలు. నాది కాళ్ల కింద మడత. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మడిచి, లోపలికి ఇంకో మడత వేసి, దారం ఎక్కడా వంకర పోకుండా చుట్టూ తిప్పుతాను. మా షెడ్డులో నా మడత అంత తిన్నగా ఇంకెవరూ వేయలేరు, ఇది గొప్ప కాదు, అందరూ ఒప్పుకునేదే. మొన్న గోడ మీద మీవాళ్ల బొమ్మ ఒకటి అంటించారు. వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కడి కాలికైనా నా మడత కనిపిస్తుందేమోనని దగ్గరికెళ్లి చూశాను. ఎక్కడా లేదు! ప్యాంటు మోకాళ్ల కింద ఉబ్బెత్తుగా సంచిలా అయ్యి బూటు దగ్గర మాయమైపోయింది. నా పనంతా ఏమవుతోందిరా? ఎందుకలా దోపుకుంటారు?

ఈసారి కాగితం రెండు వైపులా నిండకపోతే నీ ఉత్తరం విప్పను.

అక్క

శిబిరం,
వానలో

అక్కా,

తిట్లు అందాయి. నేనొక్కడినే అందుకోలేదు. పక్క మంచం వాడు నా భుజం మీదుగా చదివేశాడు. వాణ్ని అందరం నిచ్చెన అంటాం. పడుకుంటే పాదాలు మంచం దాటి బయట వేలాడతాయి. వాడికి ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ లేరు, అందుకని నావి చదువుకుంటాడు. నీ తిట్లు ఎంత నచ్చాయంటే నా చేత గట్టిగా రెండోసారి చదివించుకుని, "మీ అక్క లాంటి మనిషి నాకుంటే నేను రోజుకో ఉత్తరం రాసేవాణ్ని" అన్నాడు. ఈ ఉత్తరం కింద కొంచెం చోటు వాడికి వదలమన్నాడు. వదులుతాను.

నీ మడత ఏమవుతోందని అడిగావు. నిజం చెబితే ఏడుస్తావు. బూటులోకి పోతుందక్కా. జానెడు గుడ్డ, నీ తిన్నని కుట్టుతో సహా, చెమట కంపులోకి పోతుంది. ఎవడి కంటా పడదు. నువ్వు ఎర్ర దారంతో కుట్టినా, పువ్వులు అల్లినా, అసలు కుట్టకుండా వదిలేసినా చూసే దిక్కు లేదు. నీ పనితనాన్ని మెచ్చుకునేవి నా కాలి వేళ్లే, వాటికీ నోరు లేదు. మా హవల్దారుకైతే బూటు మెరిస్తే చాలు, లోపల గోనెసంచి కట్టుకున్నా పట్టదు.

(వెనక చూడు)

ఇక దోపుడు సంగతి. మొదట్లో నేనూ కవాతులో సోకు కోసం అనుకున్నాను. ఇక్కడికొచ్చాక తెలిసింది. కాలి కింద గుడ్డ వదులుగా ఊగితే ప్రతి ముళ్లకంపా పట్టుకుంటుంది. తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కి టపటపా కొట్టుకుంటుంది, ఆ చప్పుడు వినకూడని వాళ్లకి వినిపిస్తుంది. జలగలైతే కింద నుంచే ఎక్కుతాయి. దోపుకుంటే బట్ట పైనే పాకాలి, అప్పుడు మన కంట పడతాయి. దోపేది కూడా బిగించి దోపకూడదు. లోపలికి దోపి, కాస్త పైకి లాగి, బూటు మూతి మీదికి సంచిలా వదిలి రబ్బరు పట్టీ వేయాలి. అప్పుడు వాన నీళ్లు బూటు బయటికి జారిపోతాయి. మోకాలు వంచినప్పుడు గుడ్డంతా పైకి లాగుతుంది కదా, ఆ సంచిలోంచి కొంత, బూటులోంచి కొంత వదులుతుంది. అందుకే లోపల జానెడు ఉండి తీరాలి. కూర్చున్నా, పాకినా, దొర్లినా అంచు బయటికి రాకూడదు. నువ్వు ఏడవక్కర్లేదు, ఎవరికీ కనపడని నీ మడతే అన్నిటినీ పట్టి ఉంచేది.

లేసులు మనం ఇంట్లో కట్టుకున్నట్టు గుణకారం గుర్తులా కట్టం. మెట్లలా అడ్డంగా వేస్తాం. కాలికి దెబ్బ తగిలితే కట్లు కట్టేవాడు ఒక్క కత్తి గీతతో మొత్తం తెంపి బూటు లాగేస్తాడు. ఎడమ బూటు లేసుకి నంబరున్న రేకు బిళ్ల ఒకటి గుచ్చుకుంటాం. మెడలో ఒకటుండగా కాలికెందుకని మాత్రం అడక్కు. అది సోకే అనుకో.

తమ్ముడు

*అక్కయ్యగారూ, నేను నిచ్చెనని. మీ తిట్లు చాలా బాగున్నాయి. అన్నిటికన్నా పొడుగు సైజు కూడా నాకు బూటులోకి నాలుగు వేళ్లే పోతుంది. మడత మీ చేతిలో పనే కదా, పొడుగు కట్టలు వచ్చినప్పుడు కాస్త సన్నగా వేయండి. ఒక్క వేలు మిగిలినా మీ పేరు చెప్పుకుంటాను.*

ఇల్లు,
పని నుంచి వచ్చి

తమ్ముడూ,

ఇదీ ఉత్తరమంటే! పొద్దున గుమ్మంలో అందుకుని విప్పకుండానే పనికి పట్టుకుపోయాను. టీ వేళ చదువుకుంటూ నాలో నేనే నవ్వుకుంటుంటే కాజాల పిన్ని, "ఏమిటే ఆ నవ్వు? మాకూ చెబితే మేమూ నవ్వుతాం కదా" అంది. నా సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. లేచి నిలబడి అందరికీ పైకి చదివేశాను. "ఎవడి కంటా పడదు" అన్న దగ్గర ఒకటే నవ్వు. గోనెసంచి దగ్గరికొచ్చేసరికి పిన్ని టీ ఒలకబోసుకుంది.

అసలు విశేషం విను. మా కటింగ్ మాస్టారు ఎలాంటి మనిషో నీకు రాశానుగా, నవ్వితే టేపు తెగుతుందన్నట్టు ఉంటాడు. ఆయన కూడా నవ్వాడు! నవ్వి, నా మిషను దగ్గరికొచ్చి, "అయితే బూటులోకి ఎంత పోతుందమ్మా?" అని అడిగాడు. నేను ఒక ప్యాంటు పరిచి జాన పెట్టి చూపించాను. "ఇదిగో మాస్టారూ, ఇంత. నా పనంతా చీకట్లోకే" అన్నాను. "అమ్మో, ఇంతా!" అని మెడలో టేపు తీసి కొలుచుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక మాట అడగడం ఇదే మొదలు. నాకెంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

ఇంతలో గంట కొట్టేశారు. కాగితం వెనక వైపు తిప్పనే లేదు. మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను. జలగల గురించి ఇంకెప్పుడూ రాయకు, ముద్ద దిగలేదు. నా మడతే అన్నిటినీ పట్టి ఉంచుతుందన్నావు చూడు, ఆ వాక్యం మాత్రం నాలుగుసార్లు చదివాను.

బిళ్ల సంగతి దాటేశావు. దాటేస్తే నేను వదులుతానా? ఎందుకో చెప్పు.

నిచ్చెనకి నా మాటగా చెప్పు. పొడుగు కట్టలు ఎవరికి వెళతాయో నాకు తెలియదు, కానీ ఇకనుంచి అన్నిటికీ మడత సన్నగానే వేస్తాను. అందులో ఏదో ఒకటి అతనికి దొరక్కపోదు. అక్కయ్యగారూ, మీరూ అని రాయక్కర్లేదు, నువ్వు అనమను. తిట్లు కావాలంటే విడిగా పంపుతాను.

అక్క

కొత్త చోటు

అక్కా,

మమ్మల్ని కదిలించారు. ఎక్కడికని అడక్కు, చెప్పకూడదు, చెప్పినా నీకు అర్థమయ్యే ఊరేమీ కాదు. గుడారాల్లేవు. మట్టి తవ్వుకుని అందులో ఉంటున్నాం. వాన తగ్గలేదు. బూట్లు ఆరడం మానేసి చాలా కాలమైంది. పాదాలు ఉడకబెట్టిన దుంపల్లా తెల్లగా అయ్యాయి.

బిళ్ల గురించి. మెడలోది తాడు తెగి పడిపోవచ్చు. బూటు అంత తేలిగ్గా ఊడదు. అంతే.

నీ ఉత్తరాలు ఇంకా పొడుగ్గా రాయి. సగం ఇద్దరం చదువుకుంటున్నాం, సగం దాచుకుని మర్నాడు చదువుకుంటున్నాం. మీ కార్ఖానాలో వాళ్లంతా మాకిప్పుడు చుట్టాలు. కాజాల పిన్ని మోకాళ్ల నొప్పి ఎలా ఉందని నిచ్చెన పొద్దున లేవగానే అడుగుతాడు.

తమ్ముడు

*అక్కయ్యా, నువ్వు అనమన్నావు కదా, అంటున్నాను. నువ్వు సన్నగా మడిచినది ఒకటి నాకు దొరికిందనుకుంటాను. బూటులోకి ఐదు వేళ్లు పోయింది. ఇది వేసుకున్నప్పుడు నీకు తమ్ముడు ఒక్కడు కాదు, ఇద్దరనుకో.*

ఇల్లు,
ఆదివారం

తమ్ముళ్లిద్దరికీ,

పిన్ని మోకాళ్లు అలాగే ఉన్నాయి. మిమ్మల్ని అడిగానని చెప్పమంది. పాదాలకి నూనె రాసుకోండి, దొరకకపోతే ఏదో ఒక జిడ్డు రాసుకోండి. తడి మేజోళ్లతో పడుకోకండి.

ఇక్కడ పెద్ద విశేషాలేమీ లేవు. షెడ్డులో కొత్త అట్టలు తగిలించారు. అట్టలంటే గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసి కోసే నమూనాలు. అదే తానులోంచి ఇప్పుడు ఎక్కువ ప్యాంట్లు వస్తున్నాయట. యజమాని స్వయంగా వచ్చి మాస్టారి భుజం తట్టి వెళ్లాడు. మాస్టారు నా వైపు చూసి తలూపాడు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

కొత్త కట్టలు చేతికి తేలిగ్గా తగులుతున్నాయి. నాకే అలా అనిపిస్తోందేమో. ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు.

నిచ్చెనా, ఆ ప్యాంటు జాగ్రత్త. చిరిగితే పారేయకు, అతుకు వేసుకో.

అక్క

మట్టి గొయ్యి,
వాన

అక్కా,

కొత్త ప్యాంట్లు వచ్చాయి. మీ కార్ఖానావే, లోపల ముద్ర చూశాను. ఏ తలమాసినవాడు కోశాడక్కా వీటిని? నిలబడితే బాగానే ఉంటాయి, అంచు బూటులోకి అంటీ అంటనట్టు పోతుంది. కవాతు చేసేవాళ్లకి సరిపోతాయి. మేం నిలబడేది ఎప్పుడు? వంగితే జారి బయటికొస్తుంది. మోకాలి మీద కూర్చుంటే పూర్తిగా ఊడి పిక్క కనిపిస్తుంది. లేచాక మళ్లీ దోపుకోవాలి, నాలుగు అడుగులు వేస్తే మళ్లీ ఊడుతుంది. జలగలకి పండగే. రబ్బరు పట్టీ పట్టుకోవడానికి గుడ్డ ఉంటే కదా.

మా గొయ్యిలో అందరికన్నా అవస్థ నిచ్చెనది. నువ్వు మడిచిన పాతది ముళ్లకంపలో తొడ దాకా చిరిగి అతుక్కి కూడా పనికి రాకుండా పోయింది. కొత్తదాంట్లో వాడు కొంగలా ఉన్నాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. నాకింకా పాతదే ఉంది, వాడికిద్దామంటే నాది వాడికి ఇంకా పొట్టి.

మీ మాస్టారిని అడుగు. ఏ బుర్రతో కోశాడో అడిగి రాయి. ఊరుకోవద్దు.

తమ్ముడు

*అక్కయ్యా, కొంగ నమస్కారాలు. దారంతో బూటుకి కట్టేసుకుంటున్నాను, కాసేపు ఆగుతోంది. నువ్వు బెంగ పెట్టుకోకు.*

ఇల్లు,
పొద్దున, పనికి వెళ్లేముందు

తమ్ముడూ,

హడావుడిగా రాస్తున్నాను. అది కొత్త రకం గుడ్డ అయ్యుంటుంది. కొన్ని గుడ్డలు తడిస్తే ముడుచుకుంటాయి. మాస్టారిని అడుగుతానులే. ఆయన ఈమధ్య పనిలో తల ఎత్తడం లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. అందులో అదే రంగు గుడ్డ పట్టీలు ఉన్నాయి, ఒక్కోటి జానెడు వెడల్పు. ఒక అంచు మడిచి కుట్టేశాను. రెండో అంచు ప్యాంటు కాలికి లోపలి వైపు నుంచి పెట్టి కుట్టుకోండి. సూదులు, దారం కూడా పెట్టాను. దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టాలి, ఒక్క వరస ఆగదు. అతుకు వికారంగా ఉంటుందేమో, ఫర్వాలేదు, బూటులోకే పోతుంది కదా. ముందు నిచ్చెనది కుట్టు. వాడి చేత కుట్టించకు, నువ్వే కుట్టు, నీకు చిన్నప్పుడు నేర్పాను కదా. పొట్లం అందగానే ఆ రోజే కుట్టు. రేపు చూద్దాంలే అనుకోకు.

దారంతో కట్టుకోవద్దని చెప్పు. దారం తెగుతుంది.

మిగతాది తర్వాత రాస్తాను.

అక్క

అక్కా,

నిచ్చెన పోయాడు.

మధ్యాహ్నం, వానలో, ముళ్లతీగ కింద నుంచి పాక్కుంటూ వెనక్కి వస్తున్నాం. నేను దాటాను. నా వెనక వాడు. వాడి ఎడమ కాలి గుడ్డ ఊడి బయటికొచ్చింది. ఆ దారం ఎప్పుడు తెగిందో ఏమో. వదులు గుడ్డని తీగ పట్టుకుంది. వాడు కాలు లాగాడు. లాగితే తీగ మొత్తం కదిలి, దానికి కట్టిన ఖాళీ డబ్బాలన్నీ మోగాయి. ఊరికే పడుకోరా అని అరిచాను. వాడు విడిపించుకుందామని వెనక్కి తిరిగి లేచి కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి, కూర్చుంటే ఎంత దూరానికైనా కనిపిస్తాడు.

నా ప్యాంటు పాతది. జానెడూ లోపలే ఉంది. నేను మామూలుగా దాటాను, నా కాలిని ఏదీ పట్టుకోలేదు.

బిళ్ల బూటుకి ఎందుకని అడిగావు. ఇప్పుడు చెబుతున్నాను. ఎడమ బూటు చూసి వాడి నంబరు రాసుకున్నారు. మెడ దగ్గర చూడటానికి ఏమీ లేదు.

నీ పొట్లం ఆ తర్వాత వచ్చింది. పట్టీలు బాగున్నాయి. కుట్టు తిన్నగా ఉంది.

ఆ జానెడు గుడ్డ అక్కర్లేదని ఎవరన్నారక్కా? గుడ్డ ముడుచుకోలేదు. నేను తడవని ప్యాంటు తీసి పాతదాని మీద పెట్టి చూశాను. కోతే పొట్టి. ఎవరో ఒకరు అక్కడ కూర్చుని, ఇది దండగ అని అన్నారు. కోసినవాడి చెయ్యి పడిపోను. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆ నోరు పడిపోను. ఇంతకన్నా పెద్ద శాపం నాకు రాదు, వస్తే అదీ పెట్టేవాణ్ని.

నువ్వు అక్కడే ఉన్నావు. కనుక్కుని రాయి. నీ పాత ఉత్తరం ఒకటి నా పెట్టెలో ఉంది. టీ వేళ అందరూ నవ్వారని రాశావు చూడు, అది. దాన్ని మళ్లీ తీసి చదవాలంటే భయంగా ఉంది. నేను అనుకుంటున్నది కాదని రాయి అక్కా. ఇంకెవరో అని రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

తమ్ముడు

ఇల్లు

నాన్నా,

ఇంకెవరో అని రాద్దామనే కూర్చున్నాను. రాశాను కూడా. మాస్టారికే ఆ ఆలోచన వచ్చిందని ఒక కాగితం నిండా రాశాను. నువ్వు నమ్ముతానన్నావు కదా. నమ్మేస్తావని తెలిసే చింపేశాను.

ఆ నోరు నాదేరా.

ఆ రోజు నేను చదివింది నవ్వొచ్చే వైపు. జాన పెట్టి చూపించింది నేను. మాస్టారు కొలిచింది నా జాననే. నువ్వు "వెనక చూడు" అని రాసి మరీ చెప్పావు. లోపల జానెడు ఉండి తీరాలని వెనక వైపు రాశావు. గంట కొట్టారని నేను తిప్పలేదు. ఇంటికొచ్చి చదివాక అయినా మర్నాడు వెళ్లి, మాస్టారూ నిన్న సగమే చెప్పాను అని ఒక్క మాట అనొచ్చు. అనాలని తోచనే లేదు. అందరూ నవ్వారన్న సంతోషంలోనే ఉండిపోయాను.

కొత్త కట్టలు చేతికి తేలిగ్గా తగిలిన రోజే నాకు అనుమానం వచ్చింది. కొత్తవి పొట్టని నీ ఉత్తరం వచ్చాక అది అనుమానం కాదు, నిజమని తెలిసిపోయింది. అయినా గుడ్డ ముడుచుకుంటుందని నీకు అబద్ధం రాశాను. అంతకుముందు రోజే మాస్టారిని అడిగాను. "నువ్వే కదమ్మా చీకట్లోకి పోతుందన్నావు" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు. ఆ మాట నీకు రాయలేకపోయాను. పట్టీలు కుట్టి పంపేస్తే చాలు, ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతుందని అనుకున్నాను. కాళ్ల దగ్గర పొట్టి అయిన దాన్ని నా చేతులతో పొడుగు చేసేద్దామనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం తీసుకుని షెడ్డుకి వెళ్లాను. పాతది, రెండు వైపులదీ. టీ వేళ నిలబడి ఈసారి వెనక వైపు చదివాను. జలగలూ, వానా, మోకాలు వంచడం, అన్నీ. నిచ్చెన రాసిన నాలుగు ముక్కలు కూడా చదివాను. ఎవరూ నవ్వలేదు. కాజాల పిన్ని తల మీద కొంగు కప్పుకుని కూర్చుండిపోయింది. మాస్టారు కాగితం అడిగి తీసుకుని తనలో తాను రెండుసార్లు చదువుకున్నాడు. మడిచి నా చేతికిచ్చి, "ఇది ఆ రోజే చదవాల్సిందమ్మా" అన్నాడు. అంతే. గంట కొట్టారు. మిషన్లన్నీ మొదలయ్యాయి.

ఆయన పైవాళ్లతో మాట్లాడాడట. కొత్త కొలత అందరికీ నచ్చిందట, సంతకాలు అయిపోయాయట, వేరే కార్ఖానాలకి కూడా ఇవే అట్టలు పంపారట. నా ఒక్క నోట్లోంచి బయలుదేరిన మాట ఎక్కడెక్కడికి పోయిందో చూడు. నేను మడత మరీ సన్నగా వేస్తే ఒక వేలైనా మిగులుతుందని అలాగే వేశాను. తనిఖీలో మూడు కట్టలు సుద్దతో అడ్డ గీతలు పెట్టి వెనక్కి పంపేశారు. విప్పి మళ్లీ వెడల్పుగా వేయించారు. ఆ విప్పింది నేనే, వేసింది నేనే.

పని మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ మడతలు ఇంకెవరో వేస్తారు, మీ పటాలం పిల్లలు అవే తొడుక్కుంటారు. వెళితే నా చేతులతో నేనే వేయాలి. రెంటికీ తేడా నాకు కనపడటం లేదు. ప్రతి ప్యాంటూ చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది ఏ పొడుగువాడికి వెళుతుందో అనిపిస్తుంది. పొడుగు కట్టలు వస్తే ముట్టుకోలేకపోతున్నాను.

అతని పేరు కూడా నేను అడగలేదురా. నిచ్చెనా నిచ్చెనా అని నవ్వుకుంటూ రాశాను. ఎవరూ లేనివాడు నన్ను అక్కయ్యా అన్నాడు. ఒక్క వేలు మిగల్చమని అడిగితే, నేను ఉన్న నాలుగు వేళ్లూ లాగేసుకున్నాను.

నీ శాపం నాకు తగలాలి. తగిలిందేమోనని పొద్దున లేవగానే మాట్లాడి చూసుకున్నాను. నోరు పడిపోలేదు.

ఇందులో నీ తప్పేమైనా ఉందని మాత్రం అనుకోకు. నవ్వించడానికే రాశావు, నేను అడిగానని రాశావు. నువ్వు నాకు రాశావు, నేను లోకానికి చదివాను. ఆ తేడా మర్చిపోకు. నువ్వు మర్చిపోతావేమోనని, నీ మీద నువ్వే వేసుకుని కుమిలిపోతావేమోనని, నాకు అన్నిటికన్నా అదే భయం.

నన్ను తిట్టు. ఎంత పెద్ద తిట్లైనా రాయి. కాగితం రెండు వైపులా నింపి, చాలకపోతే ఇంకో కాగితం తీసుకో. ఒక్కటే అడుగుతాను. నేను ఇక్కడ క్షేమం, నువ్వు అక్కడ క్షేమం అని మాత్రం రాయకు. అలాంటి ఉత్తరం వస్తే నాకు ఇంక తమ్ముడు లేడనే అనుకోవాలి.

వెనక వైపు కూడా చూడు. అక్కడ ఏమీ రాయలేదు. నువ్వు నిచ్చెనకి వదిలినట్టు కింద కొంచెం చోటు వదిలాను, ఎందుకు వదిలానో నాకే తెలియదు.

అక్క

అక్కకు,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను. తిండి బాగానే ఉంది. కొత్త విశేషాలేమీ లేవు. ఉంటాను.

తమ్ముడు